సెలవు కావాలంటే మతం చెప్పాలా?

2023 ఆగస్టు 16న మహారాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు సెలవు. ఆ రోజు పార్శీల కొత్త సంవత్సరం. ముంబయిలోని మంత్రాలయం అనే రాష్ట్ర సచివాలయం నుంచి గడ్చిరోలి జిల్లా కొసన ప్రాణహిత ఒడ్డునున్న సిరొంచ తహసీలు ఆఫీసు దాకా అందరికీ వర్తించే సెలవు అది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద పార్శీలు 57,264 మంది. సిరొంచ తాలూకాలో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ, అక్కడ ఒక పార్శీ కుటుంబం కనిపిస్తే విశేషమే. అదే సిరొంచలో సద్దుల బతుకమ్మకు సర్కారీ సెలవు లేదు. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో వాచ్ నైట్ ఆరాధనకు కూర్చున్న ఉద్యోగి జనవరి 1 పొద్దున డ్యూటీకి రావాల్సిందే. వంతెన దాటి కాళేశ్వరం వైపు వెళ్తే జనవరి 1 సెలవు, బతుకమ్మకు సెలవు, క్రిస్మస్ మర్నాడు కూడా సెలవు.

పార్శీలకు ఆ సెలవు దండగ అని ఎవరూ అనరు. 2024 నుంచి అది ఆగస్టు 15నే పడుతోంది కాబట్టి విడిగా లెక్కలోకి రావడం కూడా లేదు. వాళ్ల క్యాలెండరు లీపు సంవత్సరాన్ని పట్టించుకోదు, అందుకే నాలుగేళ్లకో రోజు వెనక్కి జరుగుతుంది. ఇక్కడ గమనించాల్సింది వేరు. సెలవుల జాబితా జనం సంఖ్యను బట్టి తయారు కాలేదు, ఉద్యోగి అవసరాన్ని బట్టీ కాలేదు. ముంబయి రేవు, వ్యాపారం, చదువు ఎవరి చేతుల మీదుగా పెరిగాయో ఆ చరిత్ర జాబితాలో చోటు సంపాదించింది. రాజధానికి దగ్గరగా ఉన్నవాళ్ల పండుగ లోపలికి వచ్చింది, సరిహద్దు తాలూకాల పండుగ బయట ఉండిపోయింది.

అసలు మన దేశంలో ప్రభుత్వ సెలవును పుట్టించే చట్టం మతానికీ ఉద్యోగానికీ సంబంధించినది కాదు. అది ప్రామిసరీ నోట్లు, చెక్కుల చట్టం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ చెప్పేది ఇంతే: నోటు గడువు తీరే రోజు పబ్లిక్ హాలిడే అయితే, దానికి ముందున్న పని దినాన్నే గడువుగా లెక్కించాలి. పబ్లిక్ హాలిడే అంటే ఏమిటో ఆ సెక్షన్ కింద వివరణలో ఉంది. ఆదివారాలు, కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన ఇతర రోజులు. ఆ ప్రకటించే పనిని కేంద్ర హోం శాఖ ఒక నోటిఫికేషన్‌తో రాష్ట్రాలకు అప్పగించింది. మహారాష్ట్ర సాధారణ పరిపాలన శాఖ ఏటా ఇచ్చే సెలవుల నోటిఫికేషన్ మొదటి వాక్యంలో ఈ రెండిటి ప్రస్తావన ఉంటుంది. మామూలుగా 24 రోజులు. వాటిలో రెండు ఈదులు, మొహర్రం, మిలాద్, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్, బుద్ధ పూర్ణిమ, మహావీర్ జయంతి, గురు నానక్ జయంతి, పార్శీ కొత్త సంవత్సరం ఉన్నాయి. మైనారిటీలను పూర్తిగా వదిలేసిన జాబితా అని దీన్ని అనడానికి వీల్లేదు.

కేంద్రం జాబితా ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. కేంద్ర ఉద్యోగులకు దేశమంతటా తప్పనిసరి సెలవులు 14. అందులో జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 జాతీయ దినాలు. మిగిలిన పదకొండులో హిందూ పండుగలు రెండే, దసరా, దీపావళి. తొమ్మిది మైనారిటీ మతాలవి. సంక్రాంతి, శివరాత్రి, శ్రీరామనవమి, వినాయక చవితి, హోలీ ఇవన్నీ మరో పన్నెండింటి జాబితాలో ఉంటాయి. ఆయా రాష్ట్ర రాజధానుల్లోని కేంద్ర ఉద్యోగుల సమన్వయ కమిటీలు అందులోంచి మూడు ఎంచుకుంటాయి. మన ఉగాదికి ఆ పన్నెండులో సొంత గది కూడా లేదు. గుడి పాడ్వా, వైశాఖి, విషు, ఛఠ్ పూజ, కర్వా చౌత్‌లతో కలిసి ఒకే గదిలో సర్దుకుంది. సెలవుల విషయంలో ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అని కేకలు వేసేవాళ్లు ఒకసారి ఈ జాబితా చదివితే కేక కాస్త తగ్గుతుంది.

జాబితాలో పేరు ఉండటం ఒకటి, దానిమీద హక్కు ఉండటం మరొకటి. ఏటా వచ్చే నోటిఫికేషన్ ఏటా మారవచ్చు. 1990 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రధాని వి.పి.సింగ్ ప్రవక్త జన్మదినాన్ని సెలవుగా ప్రకటించారు. ఒక ప్రసంగంతో వచ్చింది. 2017లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మహనీయుల జయంతులు, వర్ధంతుల పేరిట ఉన్న 15 సెలవులను ఒక్క నిర్ణయంతో తీసేసింది. 2025 మార్చి 31న రంజాన్ పండుగ పడితే, హర్యానా ప్రభుత్వం నాలుగు రోజుల ముందు ఆ రోజును గెజిటెడ్ సెలవు నుంచి ఐచ్ఛిక సెలవుగా మార్చింది. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు అన్నది కారణం. ఈ మూడింట్లో ఏ ఒక్కదానికీ చట్టసభలో బిల్లు అవసరం కాలేదు.

మరి కోర్టులేమన్నాయి? ఒకే హైకోర్టు నుంచి మూడేళ్ల తేడాలో వచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చూడాలి. దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ పరిపాలన యంత్రాంగం గుడ్ ఫ్రైడేని గెజిటెడ్ జాబితా నుంచి తప్పించినప్పుడు, 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసి సెలవును తిరిగి తెప్పించింది. 2022 జనవరిలో అదే దాద్రా నగర్ హవేలీ నుంచి మరొక పిటిషన్ వచ్చింది. ఆగస్టు 2 తమ విమోచన దినం కాబట్టి సెలవు ఇవ్వాలని. ఈసారి హైకోర్టు ససేమిరా అంది. పబ్లిక్ హాలిడే అడిగే చట్టబద్ధమైన హక్కు ఎవరికీ లేదు, అది ప్రభుత్వ విధానానికి సంబంధించిన విషయం, పైగా మనకు సెలవులు ఇప్పటికే ఎక్కువయ్యాయి, తగ్గించే సమయం వచ్చిందేమో అని కూడా వ్యాఖ్యానించింది. మొదటిది మతానికి సంబంధించిన రోజు, రెండోది చరిత్రకు సంబంధించిన రోజు. ఆ తేడాను ఎంత నొక్కి చెప్పినా, 2022 తీర్పులోని వాక్యం విస్తృతమైనది. సరిహద్దులో ఉన్న ఏ ఉద్యోగి అయినా రేపు కోర్టుకెళ్తే ఎదురుగా నిలబడేది అదే.

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని పాటించే స్వేచ్ఛ ఇస్తుంది. సర్వీసు నిబంధనలు మాత్రం ఇంకో భాషలో మాట్లాడతాయి. కేంద్ర ఉద్యోగుల 1972 నాటి లీవ్ రూల్స్ ఏడో నిబంధన చాలా సూటిగా ఉంటుంది: సెలవును హక్కుగా అడగరాదు. ఈ రెండిటి మధ్య ఉద్యోగి పండుగ చిక్కుకుంటుంది.

ఇక సరిహద్దు తెలుగువాళ్ల సంగతి. సుప్రీంకోర్టు 2002లో టి.ఎం.ఎ.పాయ్ కేసులో, మైనారిటీ ఎవరన్నది తేల్చడానికి రాష్ట్రాన్నే యూనిట్‌గా తీసుకోవాలంది. ఆ లెక్కన మహారాష్ట్రలో తెలుగువాళ్లు భాషా మైనారిటీ. సిరొంచలో వాళ్లే మెజారిటీ. జిల్లా స్థాయికి వస్తే మళ్లీ మైనారిటీ. ఈ జిల్లా స్థాయి ఎందుకు ముఖ్యమంటే, మహారాష్ట్రలో కలెక్టర్లకు ఏటా మూడు స్థానిక సెలవులు ప్రకటించే అధికారం ఉంది. అవి ప్రామిసరీ నోట్ల చట్టం కింద ఇచ్చేవి కావు కాబట్టి బ్యాంకులకు, కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు వర్తించవు. విదర్భలో వీటిని ఎద్దుల పండుగ పోళా లాంటివాటికి వాడుకోవడం అలవాటు. మూడే రోజులు, జిల్లా అంతటికీ కలిపి. ఉత్తరాన కోర్చీ, కుర్‌ఖేడా నుంచి దక్షిణాన సిరొంచ దాకా పొడుగ్గా సాగిన గడ్చిరోలిలో ఆ మూడు రోజులు దక్షిణపు కొసన ఉన్న తెలుగు ఇళ్ల పండుగల మీద పడే అవకాశం తక్కువ. పండుగలే ఒకటైన చోట ఇబ్బంది లేదు. ఉగాది, గుడి పాడ్వా ఒకే రోజు కాబట్టి ఆ సెలవు తెలుగువాళ్లకు అడక్కుండానే దొరుకుతుంది. బతుకమ్మ దగ్గరికి వచ్చేసరికి సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టుకోవాలి.

సెలవు దినం దైవనిర్ణయం కాదనడానికి ఈ సరిహద్దు చరిత్రే సాక్ష్యం. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న రాజురా, కిన్వట్ తాలూకాలు 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో, హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. నిజాం ఏలుబడిలో వారపు సెలవు శుక్రవారం. సిరొంచ మాత్రం 1860లోనే నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది, తర్వాత చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. అక్కడ సెలవు ఆదివారం. అంటే ఇవాళ ఒకే చంద్రపూర్–గడ్చిరోలి ప్రాంతమని పిలుస్తున్న చోట, రెండు తరాల కిందట ఒకచోటి గుమస్తాకు నమాజు రోజు సెలవైతే, మరోచోటి గుమస్తాకు చర్చి రోజు సెలవు. ఎవరు ఏలితే వాళ్ల వారం నడిచింది. ఇప్పుడు కూడా యాదృచ్ఛికంగా కలిసొచ్చేవి ఉన్నాయి. 2020 ఫిబ్రవరి 29 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు వారానికి ఐదు రోజుల పని వచ్చింది. శనివారం విశ్రాంతి దినంగా పాటించే సెవెంత్ డే అడ్వెంటిస్టు ఉద్యోగికి ఎవరూ ఊహించని వరం అది. ఆఫీసులో పనిచేస్తేనే సుమా. బడిలోనో ఆసుపత్రిలోనో ఎస్టీ (మహారాష్ట్ర రాష్ట్ర రవాణా సంస్థ) బస్సు డిపోలోనో ఉంటే ఆ వరం అందదు.

ఇప్పటిదాకా చెప్పింది జాబితా కష్టం. అంతకన్నా లోతైనది మరొకటి ఉంది. దాని గురించి ఆఫీసుల్లో ఎవరూ బిగ్గరగా మాట్లాడరు.

బల్లార్‌పూర్ బొగ్గు గనులు, కాగితం మిల్లు, రైల్వే పనుల చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ, సరిహద్దుకు రెండు వైపులా ఉన్న దళిత వాడల్లోనూ సర్వీసు రిజిస్టర్లో ఒక మతం, ఆదివారం ఆరాధనలో మరో మతం ఉన్న ఇళ్లు ఉన్నాయి. దీనికి కారణం అబద్ధమాడే సరదా కాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. 2024 నవంబర్‌లో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ ఉద్యోగం కోసం ఎస్సీ ధ్రువపత్రం అడిగిన కేసులో, చర్చికి వెళ్తూ హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు గట్టిగా అంది. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్న చర్చ చాలా పెద్దది, ఇక్కడ ఇమడదు. సెలవుల సంగతికి వస్తే దాని ఫలితం ఒకటే. తన పండుగకు ప్రత్యేకంగా సెలవు అడగడమంటే, ఆ ఉద్యోగి తన కులపత్రాన్ని తన చేత్తోనే బల్ల మీద పెట్టడం. గుడ్ ఫ్రైడే ఎలాగూ అందరికీ సెలవు కాబట్టి ఆ రోజు గండం గడుస్తుంది. గుడ్ ఫ్రైడేకి ముందు రోజు ప్రభు రాత్రి భోజన సంస్కారానికో, జనవరి 1 ఆరాధనకో సెలవు చీటీ రాయాల్సి వస్తే మాత్రం కారణం దగ్గర 'సొంత పని' అని రాసేస్తాడు. అందరూ మూసుకునే పబ్లిక్ హాలిడేకి ఉన్న గొప్పతనం ఇదే. అది ఎవరినీ ఏమీ అడగదు.

అడగడం మొదలైతే ఏమవుతుందో చూడటానికి మాసిడోనియా దాకా వెళ్లాలి. ఆ దేశంలో ముస్లింలకు వాళ్ల పండుగ రోజున జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు. విద్యుత్ సంస్థలో పనిచేసే ఒకతను బైరామ్ పండుగ నాడు విధులకు రాలేదు, జరిమానా పడింది. నేను ముస్లింనని అతను అన్నాడు. నిరూపించమన్నాయి అక్కడి కోర్టులు. అంతకుముందు క్రైస్తవ పండుగలకు సెలవు తీసుకున్నాడని, ఆచారాలు సరిగా తెలియవని గుర్తుచేశాయి. 2006లో స్ట్రాస్‌బోర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల కోర్టు కూడా, ప్రత్యేక హక్కు కోరేవాడిని రుజువు అడగడం అన్యాయమేమీ కాదని తేల్చింది. చట్టం కోణంలో ఆ తీర్పు అర్థమవుతుంది. కానీ అదే పద్ధతి మన తాలూకా ఆఫీసుకు వస్తే మత ధ్రువపత్రం కోసం ఎవరి సంతకం కావాలి? పాస్టర్‌దా, ఇమాందా, ఊరి రెవెన్యూ ఉద్యోగి తలాఠీదా?

ఆస్ట్రియాలో జరిగింది దీనికన్నా ఆసక్తికరం. అక్కడ నాలుగు చర్చిల సభ్యులకు మాత్రమే గుడ్ ఫ్రైడే వేతన సెలవు. ఆ చర్చిల్లో దేనికీ చెందని ఒక ఉద్యోగి, ఆ రోజు పనిచేసినందుకు తనకూ అదనపు జీతం ఇవ్వాలని కేసు వేశాడు. 2019 జనవరిలో ఐరోపా యూనియన్ న్యాయస్థానం అతని వైపే నిలిచింది. మతాన్ని బట్టి ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోవడం వివక్ష అంది. ఆస్ట్రియా ప్రభుత్వం ఏం చేసింది? గుడ్ ఫ్రైడే సెలవునే తీసేసింది. దాని బదులు 'సొంత సెలవు దినం' అని ఒకటి తెచ్చింది. ఏడాదిలో ఒక రోజును ఉద్యోగే ఎంచుకోవచ్చు, మూడు నెలల ముందు రాసివ్వాలి, యజమాని అనుమతి అక్కర్లేదు, ఏ మతమనే ప్రశ్నే లేదు. అందులో మెలిక కూడా ఉంది. ఆ రోజు అదనంగా వచ్చింది కాదు, అతనికి ఉన్న వార్షిక సెలవుల్లోంచే పోతుంది. అక్కడి ప్రొటెస్టెంట్లు తమ పవిత్ర దినం లాక్కున్నారని బాధపడ్డారు, వాళ్ల బాధలో అర్థముంది. అయినా ఆ చట్టంలోని ఒక్క అంశం మాత్రం మన సరిహద్దుకు చాలా పనికొస్తుంది. రోజును ఎంచుకునేది ఉద్యోగి, కారణం అడిగేవాడు లేడు.

దీనికోసం వియన్నా దాకా పోనక్కర్లేదన్నది తమాషా. గోదావరి అవతలే ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఏటా సాధారణ సెలవులతో పాటు ఐచ్ఛిక సెలవుల జాబితా ఇస్తాయి. అందులోంచి ఉద్యోగి ఐదు ఎంచుకోవచ్చు. ఉత్తర్వులో ఒక మాట ఉంటుంది: ఉద్యోగి ఏ మతస్థుడన్న దానితో నిమిత్తం లేకుండా. హిందూ ఉద్యోగి షబ్ ఎ ఖదర్‌కు ఓహెచ్ (ఐచ్ఛిక సెలవు) పెట్టుకోవచ్చు, పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, ఇంట్లో పెళ్లి పనులు ఉంటే మరీను. దీన్ని దుర్వినియోగం అని కొందరు పెద్దమనుషులు సణుగుతుంటారు. నిజానికి ఆ సణుగుడుకు కారణమైన సౌలభ్యమే ఈ నిబంధన బలం. అందరూ వాడుకుంటారు కాబట్టే, మతం కారణంగా వాడుకునేవాడు గుంపులో కలిసిపోతాడు. ఎవరి వేలూ అతని వైపు చూపదు. కేంద్ర ఉద్యోగులకు ఇదే తీరులో రెండు రెస్ట్రిక్టెడ్ హాలిడేలు, అంటే ఆర్‌హెచ్‌లు ఉన్నాయి. బల్లార్‌షా రైల్వే స్టేషన్లో పనిచేసే తెలుగు ముస్లిం గానీ, తపాలా ఆఫీసులో పనిచేసే తెలుగు క్రైస్తవుడు గానీ సాయపడమని అడగగలిగేది ఆ రెండిటినే.

తెలంగాణ పద్ధతి కూడా పూర్తి హక్కు కాదు. ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, పని ఒత్తిడి ఉంటే పై అధికారి కాదనవచ్చు. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందు ఇంటికి వెళ్లే వెసులుబాటు కూడా ఏటా వచ్చే ఉత్తర్వు మీదే బతుకుతుంది. అక్కడ మళ్లీ మతం పేరు చెప్పక తప్పదు. ఇఫ్తార్ సమయాన్ని గుట్టుగా పాటించడం కుదరదు కదా.

సెలవు ఇచ్చినట్టే ఇచ్చి పని చేయించే సందర్భాలు వేరు. 2025 మార్చి 31న రంజాన్ పండుగ నాడు ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకులన్నీ తెరిచి ఉంచాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆదాయపు పన్ను ఆఫీసులు కూడా తెరిచే ఉన్నాయి. ఏడాది లెక్కలు ముగించే రోజు, తప్పదు అనుకోవచ్చు. 2024లో మణిపూర్ ప్రభుత్వం మార్చి 30 శనివారాన్ని, 31 ఈస్టర్ ఆదివారాన్ని పని దినాలుగా ప్రకటించింది. గగ్గోలు పుట్టాక ఈస్టర్‌ను వెనక్కి తీసుకుని శనివారంతో సరిపెట్టింది. అంటే ఆ ఆదివారం తప్పనిసరి కాదని తేలిపోయింది. 2015లో ప్రధాన న్యాయమూర్తుల సదస్సును గుడ్ ఫ్రైడే రోజున మొదలుపెట్టినప్పుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కురియన్ జోసెఫ్ అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. అంతటి పదవిలో ఉన్నాయన లేఖ రాస్తే దేశం చర్చించింది, సదస్సు మాత్రం ఆగలేదు. ఎన్నికల శిక్షణ పండుగ నాడు పడితే ఒక జిల్లా పరిషత్ టీచర్ ఎవరికి లేఖ రాయాలి?

తేదీని కాస్త జరిపితే చాలు, సెలవే అక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో మిజోరం ఓట్ల లెక్కింపు ఆదివారం నాడు పడింది. క్రైస్తవుల విశ్రాంతి దినమని అన్ని పక్షాలూ అడిగితే ఎన్నికల సంఘం సోమవారానికి మార్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 28న మహారాష్ట్రలో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఒకే రోజు వచ్చాయి. ముస్లిం పెద్దలే ముందుకొచ్చి తమ ఊరేగింపును మర్నాటికి జరుపుకుంటామన్నారు, ప్రభుత్వం 29న సెలవు ఇచ్చింది. పోలీసుకు ఊపిరి, వీధికి శాంతి. చట్టంలో ఎక్కడా రాసిలేని ఏర్పాటు ఇది, ఇద్దరికీ పనికొచ్చింది. కానీ ఇలాంటి మర్యాద పెద్ద సముదాయాలకూ పెద్ద నగరాలకూ దక్కుతుంది. తాలూకాలో పది కుటుంబాలున్న సంఘం కోసం పరీక్ష తేదీ మారుతుందని ఎవరూ ఆశించరు.

ఆదివాసుల విషయంలో ఈ లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కేంద్రం 1993లో ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్శీలను మైనారిటీలుగా నోటిఫై చేసింది, 2014లో జైనులను చేర్చింది. గోండుల, కోయల మతం ఆ ఆరింటిలో లేదు, జనాభా లెక్కల్లో దానికి విడి కోడ్ కూడా లేదు. తెలంగాణలోని కెరమెరి మండలానికీ మహారాష్ట్రలోని జివతి తాలూకాకూ మధ్య మహారాజ్‌గూడ, పరందోలి, ముకదంగూడ వంటి పల్లెల మీద రెండు రాష్ట్రాలకూ ఇప్పటికీ పేచీ ఉంది. అక్కడ ఒక ఇంట్లో రెండు రేషన్ కార్డులు, ఒకే ఊళ్లో తెలుగు బడీ మరాఠీ బడీ. ఆ కొండల్లోనే ఉన్న జంగుబాయి దేవత దగ్గరికి పుష్య మాసంలో రెండు వైపుల నుంచీ గోండులు వస్తారు. తెలంగాణ పంచాయతీ కార్యదర్శికి ఒక సెలవుల జాబితా, అదే పల్లెలో తిరిగే మహారాష్ట్ర గ్రామసేవక్‌కు మరో జాబితా. ఇద్దరూ ఒకే తెగవారైనా, ఒకే దేవతను కొలిచినా అంతే. రెండేళ్లకోసారి మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు గడ్చిరోలి నుంచి కోయలు తరలివెళ్తారు. వాళ్లలో ప్రభుత్వోద్యోగం చేసేవాళ్లకు మాఘ పూర్ణిమ ఏ జాబితాలో దొరుకుతుంది? జార్ఖండ్ అక్కడి ఆదివాసుల పండుగ సర్హుల్‌కు సెలవు ఇచ్చింది, అక్కడ ఆదివాసుల సంఖ్య, రాజకీయ బలం వేరు.

మరిన్ని పబ్లిక్ హాలిడేలు చేర్చడం దీనికి మందు కాదు. కోర్టు అన్నట్టు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఆ మాట పూర్తిగా తోసిపుచ్చలేం. ఒక సంతకం కోసం అడవి దారిన వచ్చిన మనిషి తహసీలు ఆఫీసుకు తాళం చూసి వెనక్కి పోవడం సరిహద్దు తాలూకాల్లో చిన్న కష్టం కాదు. బస్సులు తక్కువ, తలాఠీ పరిధి పెద్దది. ఒక్కొక్కరు ఒక్కో రోజు సెలవు పెట్టుకుంటే ఆఫీసు నడుస్తుంది, అందరూ ఒకేసారి పెడితే నడవదు. అందుకే పండుగ గుర్తింపును ఆఫీసు తాళం నుంచి విడదీసి ఉద్యోగి ఖాతాలో వేయడమే మేలు. ఏడాదికి ఐదు రోజులు, సీఎల్‌తో సంబంధం లేకుండా. జాబితాలోని రోజే కావాలన్న పట్టింపు అక్కర్లేదు, తేదీ చాలు. జంగుబాయికైనా, బతుకమ్మకైనా, వాచ్ నైట్ మర్నాటికైనా అదే నియమం. మతం గడి చీటీలో ఉండకూడదు. కాదన్నప్పుడు అధికారి కారణం రాయాలి.

ఆ చివరి షరతు చిన్నదేం కాదు. అమెరికాలో ఆదివారం పని చేయలేనన్న ఒక గ్రామీణ తపాలా ఉద్యోగి కేసులో 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: మత పాటింపుకు వెసులుబాటు నిరాకరించాలంటే, దానివల్ల సంస్థకు చెప్పుకోదగ్గ అదనపు భారం పడుతుందని యజమానే చూపించాలి. మన నిబంధనల్లో 'పని ఒత్తిడి దృష్ట్యా' అన్న మూడు మాటలు సరిపోతాయి, ఆ ఒత్తిడి ఎంతో ఎవరూ అడగరు. ఇటలీ 2012లో అక్కడి హిందూ సంఘంతో చేసుకున్న ఒప్పందాన్ని చట్టం చేసినప్పుడు దీపావళి పాటించే హక్కు ఇచ్చి, పోయిన పని గంటలను తర్వాత పూడ్చాలని షరతు పెట్టింది. అప్పనంగా ఇచ్చారన్న మాట రాకుండా ఉండాలంటే ఇది కూడా పరిశీలించదగ్గదే. మన దగ్గర రెండో శనివారమో ఆదివారమో పూడ్పు పని కొత్త కాదు, తెలంగాణలో జనవరి 1 సెలవుకు బదులు ఫిబ్రవరిలో రెండో శనివారం పని చేయించడం చాలామందికి తెలుసు.

ఇంత చేసినా తెగని ముడి షిఫ్టు ఉద్యోగాలది. గ్రామీణ ఆసుపత్రిలో నర్సు, ఎస్టీ డిపోలో కండక్టరు, సబ్‌స్టేషన్లో ఆపరేటరు. వీళ్లకు పబ్లిక్ హాలిడే ఎప్పుడూ కాగితం మీద సెలవే. వీళ్లు చాలాకాలంగా తమలో తాము సర్దుకుంటున్నారు. రంజాన్‌కు నువ్వు ఉండు, దసరాకు నేనుంటా. క్రిస్మస్ రాత్రి డ్యూటీ హిందూ నర్సు చేస్తే, దీపావళి రాత్రి క్రైస్తవ నర్సు చేస్తుంది. ఏ జి.ఆర్. (మహారాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు)లోనూ లేని ఈ మార్పిడిని రిజిస్టరులోకి ఎక్కించి, దాన్ని కాదనే అధికారం పర్యవేక్షకుడికి లేకుండా చేయడం తేలికే. కానీ మార్పిడికి కనీసం ఇద్దరు మనుషులు కావాలి. ఇద్దరు ఉండాల్సిన ఆసుపత్రిలో ఒకరి పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, ఆ రెండో నర్సు పండుగ సెలవుల నోటిఫికేషన్ మీద కాదు, భర్తీల ఫైలు మీద ఆధారపడి ఉంది.